స్కాన్ నార్మలే కదా!

నేను ఒక స్కాన్ ఫిల్మును. నీలంగా, నున్నగా, అప్పడం కన్నా పల్చగా ఉంటాను. పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. పెట్టెలో నాతోబాటు వందమంది. పైనున్న అన్న ఎవరి తుంటి ఎముకకో పోయాడు, కిందున్నవాడు ఎవరి ఊపిరితిత్తులకో. నా వంతుకు పార్వతీపురంలో ధరణి తల వచ్చింది. తొమ్మిదో తరగతి పిల్ల. ఆ ఒక్క తలనే ఇరవై ముక్కలు చేసి, వరసలు కట్టి నా మీద అచ్చేశారు. అప్పట్నుంచి ఈ మనుషులతో వేగలేక చస్తున్నాను.

బడి కబడ్డీ జట్టులో ధరణి రైడర్. ప్రాక్టీసులో గీత అందుకోబోయి దూకితే ఎదుటి పిల్ల మోకాలు కణతకు తగిలింది. లేచి నిలబడింది గానీ "స్కోరెంత?" అని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ చెప్పించుకుని, ఆపైన వాంతి చేసుకుంది. ఆస్పత్రికి తీసుకొచ్చారు.

డాక్టరమ్మ నన్ను చూసి ఏమందో మీరైనా పూర్తిగా వినండి. "లోపల రక్తం కారలేదు. స్కాన్ నార్మల్. కానీ మెదడు అదిరింది. అది స్కాన్‌లో కనబడదు. తలనొప్పి, కళ్ళు తిరగడం పూర్తిగా పోయి, నేను మళ్ళీ చూసి సరేననేదాకా ఆట వద్దు." ఇదంతా, ఆఖర్న ఇంకో హెచ్చరిక కూడా చేర్చి, ఒక చీటీ మీద తెలుగులోనే రాసి కవర్లో నాతోబాటు పెట్టింది.

తండ్రి సత్తిబాబు ఆటో నడుపుతాడు. ఆయన చెవులు "నార్మల్" దగ్గరే మూసుకుపోయాయి. పిల్ల దక్కిందన్న సంతోషం, తప్పు పట్టను. "ఏటీ నేదంట! నార్మలంట!" అని వీధి మొదట్నుంచీ చెప్పుకుంటూ వచ్చాడు.

ఇక నా పాట్లు చూడండి. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ నన్ను లాగి ట్యూబులైటుకేసి ఎత్తడమే. మేనత్త ఎత్తింది, పాలాయన ఎత్తాడు. మేనమామ తలకిందులుగా పట్టుకుని, కళ్ళజోడు సవరించుకుని, "బుర్ర సుబ్బరంగుంది" అని తేల్చేశాడు. కవర్ అడుగున చీటీ ఉంది మహాప్రభో, అది చదవండి! ఎవరికి కావాలి? బొమ్మ పెద్దది, చీటీ చిన్నది.

ధరణికేమో వెలుతురు పడదు. కుక్కర్ కూతేస్తే చెవులు మూసుకుంటుంది. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. నిన్న విన్న పాఠం ఇవాళ గుర్తుండదు. అయినదానికీ కానిదానికీ ఏడుస్తుంది. "నాటకాలాపే గుంటా! ఏటైనా ఉంటే ఫిల్ములో పడదేటి?" అంటుంది తల్లి ఆదిలక్ష్మి. ప్రతి తగువులోనూ సాక్ష్యం నాదే. నెత్తీ నోరూ కొట్టుకుందామంటే నాకు నోరు లేదు, ఉన్న నెత్తి ధరణిది.

దెబ్బ తగిలిన పదకొండో రోజున జిల్లా సెలక్షన్ పోటీలు. ముందురోజు ఆటల మాస్టారు చిన్నంనాయుడు ఇంటికొచ్చారు. చెడ్డవాడేం కాదు. తన పిల్లల్లో ఒక్కరైనా రాష్ట్రానికి ఆడాలని పదేళ్ళుగా ఎండలో మాడుతున్న మనిషి. ఆయనా నన్ను ఎత్తి చూశారు. "నార్మలే కదమ్మా! ఆటన్నాక తగుల్తాయి. బయం ఒగ్గేయాల."

ఆడాలని ధరణికి మాత్రం లేదా? మాస్టారు వెళ్ళాక నన్ను ఒళ్ళో పెట్టుకుని, ఆ ఇరవై ముక్కల్లో తన నొప్పి కోసం వెతుక్కుంది. "నానే అబద్దమాడతన్నానేటో" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. అబద్ధమాడుతున్నది నా పేరు చెప్పుకునేవాళ్ళమ్మా, నువ్వు కాదు! విసుగొచ్చి నన్ను కవర్లోకి తోసింది. నేను పోలేదు. అడుగున చీటీ అడ్డంపడింది. పుట్టి నేను చేసిన మంచిపని అదొక్కటే, ఇరుక్కుపోవడం.

చీటీ తీసి, ఒక కన్ను మూసుకుని, ఆగి ఆగి చదివింది. "అది స్కాన్‌లో కనబడదు" దగ్గర ఆగి, మళ్ళీ చదివి, వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు తండ్రి ఆటోలో గ్రౌండుకు దింపాడు. ధరణి నన్నూ తెచ్చింది. జట్టంతా చూస్తుండగా చీటీ మాస్టారి చేతికిచ్చి, "పైకే సదవండి మాస్టారూ" అంది. ఆయన గొంతు పెద్దగానే మొదలై, పోనుపోను తగ్గింది. ఆఖరి వాక్యం దాదాపు వినపడలేదు: "ఇది తగ్గకముందే మళ్ళీ తలకు దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదం."

సత్తిబాబు ఆటో దిగొచ్చాడు. "ఈ సీటీ ఎప్పుడిచ్చారే?"

"మొదటిరోజే నాన్నా. ఫిల్ము పక్కనే ఉంది."

ఆయన మాస్టారి చేతిలోంచి చీటీ తీసుకుని మొదట్నుంచీ తనే చదువుకున్నాడు. మాస్టారు పేర్ల కాగితంలో ధరణి పేరు కొట్టేశారు. జట్టు ధరణి లేకుండానే వెళ్ళింది, ఓడిపోయి వచ్చింది. ధరణికి తగ్గి, డాక్టరమ్మ ఆటకు సరేననడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడాది రాష్ట్రం మాట ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను బడిలో ఆటల గది కిటికీకి వేలాడుతున్నాను. చీటీని నా మీదే అంటించి, కింద ధరణి స్కెచ్‌పెన్నుతో రాసింది: "దెబ్బ ఇందులో కనబడదు. పిల్లని అడగండి." అయినా వచ్చినవాళ్ళు ముందు బొమ్మే చూస్తారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది!

మొన్న ఆరో తరగతి గుంట ఒకత్తి ఆటలో పడి తల కొట్టుకుంది. దులుపుకుని లేచి, "బాగానే ఉన్నాను సార్" అంది. ధరణి గీత దాటి వచ్చేలోపే మాస్టారు విజిల్ ఊదారు. పిల్లను నీడన కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని, "ఏటనిపిస్తందమ్మా? నిదానంగా సెప్పు" అన్నారు. ఆ పిల్ల నోరు విప్పేదాకా అలాగే ఉన్నారు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. హమ్మయ్య!