ముప్పావు అంగుళం గొట్టం

మా బావమరిది మేలు చేశాడంటే అది తోకకి ఏదో ఒక తంటా కట్టుకునే వస్తుంది. పోయిన ఏడాది వాడు నర్సరీ నుంచి తెచ్చిన పూలకుండీల్లో పరాయి దేశపు చెట్టుకప్పలు దిగాయి. ఒక్కొక్కటి అరచేతంత. బల్లుల్ని మింగాయి, మా పెరట్లోని చిన్న పచ్చకప్పల్ని మింగాయి. ఆ చిన్నవాటి అరుపు విని వానకు ముందే బట్టలు తీసే మా ఆవిడ, ఈ ఏడు ఆ అరుపు లేక ఆరిన బట్టల్నే మళ్లీ పిండుకుంది.

నేను కొళాయి పనివాణ్ణి. కప్పల్ని పట్టే ఆఫీసువాళ్లు చెప్పినట్టు గొట్టం ముక్కలు గోడవార నిలబెట్టాను. చల్లగా ఉంటుందని పగలు వాటిలో దూరతాయి. దొరికినవాటికి పంటినొప్పి మందు పూసి, మత్తెక్కాక ఫ్రీజర్‌లో పెట్టాలి. చంపడానికీ మర్యాద ఉండాలట. బతికున్న మనుషులకే దిక్కు లేదు.

ఈ ఉదయం ఒక గొట్టంలోంచి బొటనవేలి కొసంత కప్ప జారిపడింది.

"పరాయిదాని పిల్లే బావా, పూసేస్తా," అంటూ బావమరిది మందు మూత తీశాడు.

"ఒరేయ్, ఆగు! మనదేమో!" మా ఆవిడ పరుగున వచ్చింది. "ఏవండీ, తల రుద్ది చూడండి."

పరాయి కప్పకి తల తోలు పుర్రెకి అతుక్కుపోయి ఉంటుంది. మనదానికైతే వేలి కింద కదులుతుంది. గ్లౌజు తీసి రుద్దాను. తోలు కదిలినట్టు తెలియలేదు.

"పరాయిదే," అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. అయినా చెయ్యి చాచింది.

"ఇటివ్వండి. పైపులు తిప్పీ తిప్పీ కాయలు కాసిన వేలికి తోలుకీ రాయికీ తేడా తెలుస్తుందా?"

తడి చేత్తో పట్టుకుని, చిటికెన వేలితో మెల్లగా తోసింది. కప్ప నెత్తిమీద తోలు చిన్నగా ముడత పడి, మళ్లీ సర్దుకుంది. ముగ్గురం చూశాం.

"కదిలిందండీ!"

"చూశావా బావా, నీ మాట వింటే పాపం ఇది పోయేది!"

"మూత తీసిందెవడ్రా?"

"తీర్పు చెప్పింది నువ్వేగా!"

మెట్టు మీద కూర్చున్నాను. నాది తప్పని తేలినందుకు ఇంత హాయిగా ఉండటం నా బతుకులో ఇదే మొదలు.

ఆవిడ కప్పని నీళ్ల మీటరు గుంతలో, తడి నాచు మీద వదిలింది. నేను సంచిలోంచి ముప్పావు అంగుళం గొట్టం తీసి జానెడు కోశాను.

"ఇదెందుకు బావా?"

"పెద్దవి ఇందులో పట్టవు. ఇది దాని ఇల్లు."

అంచుకి ఆకురాయి పెట్టి నున్నగా రాశాను. నా వేలిని నమ్మేదెలా? చూడమని ఆవిడ చేతికిచ్చాను.