ఐదో పార

నేను చదవడం రోడ్డు మీదే నేర్చుకున్నాను. కిలోమీటరు రాళ్ళ మీది పేర్లు, తారు డబ్బాల మీది హెచ్చరికలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, నలభై దాటేసరికి దొరికిన పుస్తకమల్లా చదివేదాన్ని. షెడ్డు గోడకు ఏ కాగితం అంటించినా మా ముఠా నన్నే పిలిచేది.

ఆ రోజు అంటించింది కూలీ రేట్ల కొత్త నిబంధన. ప్రభుత్వ రోడ్డు పనిలో ఎవరికెంత ఇవ్వాలో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అంతకు పైసా తగ్గకూడదు. వేడి తారు కంకరను పళ్ళపారతో సమంగా సర్దేవాళ్ళు నిపుణులు, నీళ్ళూ కంకరా అందించేవాళ్ళు సహాయకులు. నిపుణులు అరవై ఏళ్ళు నిండేదాకా పనిలో ఉంటారు. సహాయకులను వానలు మొదలవగానే తీసేయొచ్చు. వెనకటి కాంట్రాక్టర్లు ఎవరి పనేదో నోటికొచ్చినట్టు రాయించేవాళ్ళు కాబట్టి, ఇకమీదట తనిఖీ అధికారి ఎవరి మాటా వినడు. ఆయన వచ్చేసరికి ఎవరి చేతిలో ఏ పనిముట్టు ఉంటే అదే వాళ్ళ పని.

"అయితే స్నానానికి కూడా పార పట్టుకునే పోవాలన్నమాట," అన్నాడు రోలరు డ్రైవరు. అందరూ నవ్వారు.

మా మేస్త్రీ నవ్వలేదు. మేస్త్రీ అంటే నా తమ్ముడే. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నా చంకన పెరిగాడు. పార పట్టడం నేనే నేర్పాను. అక్షరాలు మాత్రం ఎంత కూర్చోబెట్టినా అంటలేదు.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువక్కా," అన్నాడు.

చదివాను.

నా భయాలు నాకున్నాయి. మా ఆయన క్వారీ పనికని లారీ ఎక్కాడు, మళ్ళీ రాలేదు. చెల్లెలు ఆసుపత్రి వరండాలో "ఇప్పుడే వస్తా" అని లోపలికి వెళ్ళింది, ప్రాణంతో బయటికి రాలేదు. అప్పటినుంచీ ఎవరు "ఇప్పుడే" అన్నా ఇక వాళ్ళు రారనే అనిపిస్తుంది.

రెండు వారాల తరవాత బస్సు డిపో ముందు గుంతలు పూడుస్తున్నాం. కంకర పొగలు కక్కుతోంది. మేం ఐదుగురం వరసగా పారలతో సర్దుతున్నాం. తమ్ముడు రోడ్డు మలుపు వైపు ఓసారి చూసి నా పక్కకు వచ్చాడు.

"అక్కా, ఆ పార ఇలా ఇవ్వు, కర్ర వదులైనట్టుంది. రోలరు చక్రానికి తారు అంటుకుంటోందట, నువ్వో బిందె నీళ్ళు తెచ్చి పొయ్యి. ఇప్పుడే ఇస్తా."

ఆ "ఇప్పుడే" నాకు నచ్చలేదు. అయినా ఇచ్చాను. అడిగింది వాడు కదా.

బిందె నడుమున పెట్టుకుని తిరిగొచ్చేసరికి తనిఖీ అధికారి జీపు ఆగి ఉంది. నా పార లారీ కింద పడుకోబెట్టి ఉంది. అధికారి నలుగురినీ చూసి రాసుకున్నాడు, తరవాత నన్నూ నా బిందెనూ చూశాడు.

"సహాయకురాలు."

"అయ్యా, నేను పార పడతానండీ. ఇరవై రెండేళ్ళ నుంచీ."

"చేతిలో ఏముంటే అదేనమ్మా. నిబంధన చదవలేదా?"

"చదివాను. వీళ్ళందరికీ నేనే చదివి వినిపించాను."

ఆయన నవ్వాపుకున్నాడు. నేను తమ్ముడి వైపు తిరిగాను.

"చెప్పరా."

వాడు వంగి, అప్పుడే పూడ్చిన గుంతను వేలితో నొక్కి చూస్తున్నాడు. అది ఇంకా కాలుతోందని మా ఇద్దరికీ తెలుసు.

అన్నాల వేళ వాణ్ణి లారీ వెనక పట్టుకున్నాను.

"ఏం చెయ్యమంటావక్కా? కిలోమీటరుకయ్యే ఖర్చు చూసి ఇంజనీరు తల పట్టుకుంటున్నాడు. తారు ధర వాళ్ళ చేతిలో లేదు, కూలీ తగ్గిస్తే నిబంధన ఊరుకోదు. ఇక తగ్గించడానికి మనుషులేగా మిగిలింది. నాలుగు పారలకే డబ్బొచ్చింది. ఐదోదాన్ని నన్నే తీసెయ్యమన్నాడు, లేదంటే మేస్త్రీ పని ఇంకొకడు చూసుకుంటాడన్నాడు."

"నన్నే ఎందుకురా?"

"వాళ్ళయితే నా చొక్కా పట్టుకునేవాళ్ళు. నువ్వయితే ఏమీ అనవు కదా అని..."

"అడక్కపోయావా? అడిగితే ఇచ్చేదాన్నేమో."

"అడిగితే ఏడుస్తావు. నేను చూడలేను."

ఆ మాటకి నాకు ఏడుపు రాలేదు. నేను చదివి వినిపించిన వాక్యం పట్టుకునే నన్ను తీసేశాడు. ఆ చివరి ముక్క రెండోసారి ఎందుకు చదివించుకున్నాడో అప్పుడు అర్థమైంది.

మర్నాడు పని మానేసి కార్మిక కార్యాలయానికి వెళ్ళాను. రాత్రంతా గడియ వేశానో లేదో చూసుకుంటూనే ఉన్నాను, కళ్ళు మండుతున్నాయి. బల్ల వెనక గుమాస్తా నా వయసుదే. ఫారం చేతికిచ్చి గొంతు తగ్గించి చెప్పింది.

"ఫిర్యాదు నిలబడితే జాబితా మళ్ళీ రాస్తారు, నీ పని నీకొస్తుంది. కానీ తనిఖీలో మోసం చేసినందుకు మేస్త్రీ పని పోతుంది. ఆలోచించుకో వదినా."

ఆలోచించాను. వాడికి ఇద్దరు పిల్లలు. చిన్నది నన్ను అత్తా అనడం రాక "తత్తా" అంటుంది. వానలు రెండు నెలల్లో వస్తాయి. నాకు యాభై ఆరు. బిందె మోసేదాన్ని మరో ముఠా పిలవదు.

అన్ని గళ్ళూ నింపి ఒకదాని దగ్గర ఆగాను. 'ఎదుటి వ్యక్తితో బంధుత్వం' అని ఉంది.

"ఇదెందుకు?"

"చుట్టరికం ఉంటే ఇంటి తగాదా అని పక్కన పడేస్తారు."

నన్ను వదిలి వెళ్ళినవాళ్ళందరూ వాళ్ళంతట వాళ్ళు వెళ్ళారు, ఇప్పటిదాకా నేను ఎవరినీ పంపలేదు. గడిలో 'లేదు' అని రాశాను. అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

గుమాస్తా పైకి చదివింది. "బంధుత్వం, లేదు. అంతేనా?"

"అంతే."

ముద్ర వేసింది.

బయట మెట్ల మీద తమ్ముడున్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. నా చేతిలోని నకలు వైపు చూశాడు.

"ఏం రాశావక్కా? కాస్త చదివి చెప్పు."

కాగితం నాలుగు మడతలు వేశాను.

"సోమవారం పిలుస్తారు. వాళ్ళే చదివి వినిపిస్తారు."

వాడు తల ఊపి, నేను దిగడానికి పక్కకు జరిగాడు.