మధ్యాహ్నం కంచం

మౌంట్ రాస్కిల్‌లోని ఆ ఇంట్లో పొద్దున ఎనిమిదిన్నర దాటిందంటే గోడ గడియారం తప్ప ఇంకేదీ చప్పుడు చేయదు. కూతురు స్పందన ఆఫీసుకూ, మనవరాలు వర్షిత బడికీ వెళ్లిపోతారు. అల్లుడు జశ్వంత్ చీకటితోనే షిఫ్టుకు పోయి ఉంటాడు. కరీంనగర్ నుంచి ఈ పరాయి దేశానికి, కూతురి దగ్గరికి వచ్చిన రాజేశ్వరమ్మ తలుపు గడియ పెట్టుకుని, బస్సు కోసం కాచుకున్న మనిషిలా సోఫా అంచున కూర్చుంటుంది.

కుక్కర్‌లో అన్నం ఉంటుంది. తినదు. పుట్టింట్లో అక్కచెల్లెళ్లతో, అత్తింట్లో తోడికోడళ్లతో, తర్వాత భర్త కిషన్‌రావుతో తిన్నదే గానీ, ఒక్కతీ కంచం ముందు కూర్చోవడం ఆమెకు అలవాటు లేదు. సాయంత్రం అందరూ వచ్చేదాకా టీ, రెండు బిస్కెట్లు.

కొన్ని వారాలుగా విరేచనం సాఫీగా కాదు, కడుపు కదలడం లేదు. రాయి కట్టినట్టు బరువు. కిషన్‌రావుకూ ఇలాగే మొదలైంది. "గ్యాసేలే" అని నవ్వి తిరిగాడు. పేగులో గడ్డ అని తేలేసరికి ఆలస్యమైంది. ఆపరేషన్‌కని ఆసుపత్రిలో స్ట్రెచర్ లిఫ్టులోకి పోతుంటే "ఇప్పుడే వస్త" అన్నాడు. రాలేదు.

చెబితే ఏమవుతుంది? విజిటర్ వీసా మీద ఉన్న మనిషి. పెద్ద రోగమని తేలితే తిరుగు టికెట్ ముందుకు జరుపుతారు. రోజూ తన చెవి తమ్మె పట్టుకుని నిద్రపోయే వర్షితను ఎయిర్‌పోర్టులో వదిలేసి వెళ్లాలి. అందుకే నోరు విప్పలేదు.

బడి మొహం చూడకపోయినా, పొట్లాల కాగితాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకుంది రాజేశ్వరమ్మ. వెంట తెచ్చుకున్న ఆరోగ్య పుస్తకంలో పేగుల బొమ్మ ఉన్న పేజీ నలిగిపోయింది. కడుపు చిలుకుతుంది, చిన్న పేగు సారం లాక్కుంటుంది, పెద్ద పేగు మిగిలిన నీళ్లు పీల్చుకుంటుంది. పీచు కావాలని చదివి, దగ్గర్లోని సాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ల కొట్లో ఇసబ్‌గోల్ పొట్టు కొనుక్కుంది. రోజూ పడుకునే ముందు రెండు చెంచాలు నోట్లో పోసుకుని రెండు గుక్కలతో మింగేది. ఇంకా తాగితే రాత్రి లేవాలి. చెక్క నేల కిర్రుమంటుంది, అల్లుడి నిద్ర చెడుతుంది. గుణం కనిపించక చెంచాలు పెంచింది గానీ నీళ్లు పెంచలేదు.

ఆ బుధవారం వర్షితను తీసుకురావడానికి వెళ్లి బడి గేటు దగ్గర నొప్పి మెలిపెట్టి కూలబడిపోయింది. సాయంత్రం వర్షిత తల్లితో చెప్పేసింది.

"మమ్మీ, అమ్మమ్మ టమ్మీ పట్టుకుని ఏడ్చింది. లంచ్ కూడా నెవర్ తినదు. నేను వచ్చేసరికి కుక్కర్‌లో రైస్ అట్లనే ఉంటుంది."

స్పందన బ్యాగు కింద పడేసింది. "ఎన్ని రోజుల సంది అమ్మా? ఎందుకు చెప్పలే?"

"చెప్తే పంపిస్తవని."

"నాన్నా చెప్పలే, నువ్వూ చెప్పకు. మంచిగ జత కుదిరిన్రు ఇద్దరు!" అంటూనే ఏడ్చింది.

మర్నాడు డాక్టరమ్మ కడుపు నొక్కి చూసి, ప్రశ్న మీద ప్రశ్న వేసింది. పొట్టు ఎలా మింగుతున్నదో రాజేశ్వరమ్మ చేత్తో చేసి చూపిస్తే ఆవిడ తల పట్టుకుంది.

"ఏమంటుందే?" అని కూతుర్ని అడిగింది.

"పొట్టుకు నీళ్లు గావాలెనట. నువ్వియ్యకపోతే ముద్దగట్టి పేగుల బిరడా లెక్క కూసుంటదట. ఇప్పటికైతే అది బంద్. మందిస్తది. నీళ్లు పగటిపూట మంచిగ తాగు. రెండు వారాలల్ల తగ్గకుంటే గొట్టమేసి లోపల చూస్తరట. ఇంకోటి, కడుపుల అన్నం పడితెనే కింద పేగులు కదులుతయట. మధ్యాహ్నం తినాలె."

"ఎవరితోని?"

ఆ మాటను స్పందన ఇంగ్లీషులోకి మార్చలేదు.

మరుసటి మధ్యాహ్నం రాజేశ్వరమ్మ కంచం పెట్టుకుంది. ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టలేదు. చెల్లెలు అనంతలక్ష్మికి ఫోన్ కలిపింది. కరీంనగర్‌లో ఇంకా తెల్లవారలేదు.

"ఏందక్కా, ఎవలన్న పోయిన్రా?"

"ఎవలు పోలే. అన్నం తింటున్న."

"తిను మరి. నన్నెందుకు లేపినవ్?"

"ఊకెనే. ఏదన్న మాట్లాడు."

అనంతలక్ష్మి ఆవలించింది. "ఏం కూర?"

"సోరకాయ."

"నమిలి తిను. చిన్నప్పటి సంది నీది మింగుడే."

అలా రోజూ చెల్లెలు పొద్దుటి నీళ్లు తాగే వేళ అక్క అన్నం తినేది. వారం తిరగకముందే కడుపు కదిలింది. బరువు దిగింది.

ఒకరోజు చెల్లెలు ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. రాజేశ్వరమ్మ మనసు ఆనాటి ఆసుపత్రి లిఫ్టు తలుపుల దాకా పోయి వచ్చింది. కంచం జరిపేసి లేవబోయింది. కిటికీ అవతల ఖాళీ బస్సు ఒకటి సాగిపోయింది. మళ్లీ కూర్చుంది. గ్లాసు నిండా నీళ్లు తాగి, ముద్ద కలిపి, మెత్తబడేదాకా నమిలింది.

సగం కంచం అయ్యాక ఫోన్ మోగింది. ఎడమ చేత్తో ఎత్తింది.

"నిద్రపట్టిందక్కా. తింటున్నవా?"

"తింటున్న. నువ్వు రాకముందే మొదలువెట్టిన."