ఫ్రిజ్ మీది గొంతు

ఎఫీ స్కూలుకి బయల్దేరేలోగా మాటల పలకకున్న ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి, సింకులో పాత టూత్‌బ్రష్‌తో తోముతున్నాను. పలక మీది ఒక్కో బొమ్మకి తొడుగులో ఒక్కో కంత. నా కూతురు ఎఫీ చేతులు వణుకుతాయి. వేలు జారి పక్క బొమ్మ మీద పడకుండా ఆ కంతలే ఆపుతాయి. వాటిలో నిన్నటి కీమా, బంగాళదుంప ముద్ద ఎండిపోయి ఉన్నాయి. దానికి తొమ్మిదేళ్లు. నోటితో మాట రాదు. టాబ్లెట్ లాంటి ఈ పలక మీద బొమ్మ నొక్కితే ఎఫీ బదులు పలకే ఆ మాట అంటుంది. స్కూలువాళ్లు ఇచ్చారు. కడగడం, చార్జింగ్ పెట్టడం, కొత్త మాటలు ఎక్కించడం నా వంతు. దీన్ని మా ఇంట్లో ఎవరూ పని అనరు. "రోజంతా ఇంట్లోనే ఉంటావుగా" అంటాడు నా భర్త డూగల్. నేను లైబ్రరీ ఉద్యోగం మానేసింది ఎందుకో అతనికి గుర్తు చేయడం కూడా మానేశాను.

ఈ మధ్యాహ్నమే డూగల్ హెలికాప్టర్ దిగుతాడు. రెండు వారాలు సముద్రం మీద ఆయిల్ రిగ్‌లో, మూడు వారాలు ఇంట్లో. స్కాట్లాండ్ తీరాన ఈ పీటర్‌హెడ్‌లో, మా వీధిలో సగం ఇళ్లు ఇలాగే నడుస్తాయి. మొగుడొచ్చే రోజు పక్కింటావిడ కేకు చేస్తుంది. నేను వాకిట్లో బూట్లు వరసగా పెడతాను, రిమోట్ అతని కుర్చీ చేతి మీద ఉంచుతాను, ఏం మర్చిపోయానోనని గదులన్నీ తిరుగుతాను. అతను నన్ను ఎప్పుడూ కొట్టలేదు. కొట్టని మనిషికి ఇంత భయపడటం ఏమిటని సిగ్గుపడ్డాను కూడా. అతను చేసేదల్లా మాట ఆపేసి, కుర్చీ వెనక్కి జరిపి, నావైపు చూడటం. ఆ మౌనం ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. ఒకసారి అతను మళ్లీ రిగ్‌కి వెళ్లేదాకా ముగియలేదు. "మావాడు అరిచే రకం కాదు, నీ అదృష్టం" అంటుంది అత్తగారు.

భోజనాల దగ్గర పలక మాట్లాడితే అతనికి చిరాకు. "అక్కడ పొద్దస్తమానం మెషీన్ల మోతే. ఇంట్లో కూడానా? తీసెయ్, ఇష్‌బెల్." నేను సారీ చెప్పి, దాన్ని తీసి ఫ్రిజ్ మీద పెడతాను. మిగతా భోజనమంతా ఎఫీ తల పైకెత్తి దానివైపే చూస్తూ ఉంటుంది.

స్కూలు టాక్సీ డ్రైవర్ మానేయడంతో ఈ వారం నేనే ఎఫీని దింపి తెస్తున్నాను. ఇవాళ స్కూల్లో దింపగానే మిస్ లెనక్స్ నన్ను ఆపింది. ఎఫీకి పలక మీద మాటలు నేర్పేది ఆవిడే.

"సోమవారం నుంచి ఎఫీ టాక్సీకి కొత్త డ్రైవర్ వస్తున్నాడు. నిన్న పరిచయం చేద్దామని పిలిపించాం. టాక్సీలో కూర్చోబెట్టాం. సీటు బెల్టు పెట్టడానికి అతను ఇలా వంగాడో లేదో, పలక మీద నొక్కేసింది: సారీ, సారీ, సారీ."

"మర్యాద తెలిసిన పిల్ల" అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "ఆ బెల్టు దాని మెడకి ఒరుసుకుంటోంది. ఎర్రగా గీరుకుపోయింది. వద్దు అనాలి కదా? అనలేదు. అతను మంచివాడే, వెంటనే చూసి సరిచేశాడు. కానీ చూడనివాడైతే?"

నేను బ్యాగు జిప్పు లాగుతూ నిలబడ్డాను.

"వద్దు అనే మాట ఆటలో నేర్పాం, పాటలో నేర్పాం. ఆటవరకే వాడుతుంది. మగమనిషి దగ్గరికొస్తే మాత్రం సారీయే. వాళ్ల నాన్న ఇంట్లో ఉన్న వారాల్లో ఇంకా ఎక్కువ. తప్పుగా అనుకోకండి."

"లేదు లేదు."

"ఈ పిల్లలు మనం పాఠం చెప్పిన మాట నేర్చుకోరు, ఇష్‌బెల్. మనం మన అవసరానికి నిజంగా వాడిన మాట నేర్చుకుంటారు. ఎఫీ పలక మీద, ఎఫీ కళ్లముందు, మీ వేలితో. ఇంట్లో మీరు వద్దు ఎప్పుడు నొక్కుతారు?"

ఆలోచిస్తున్నట్టు నటించాను.

కారులో కూర్చున్నాను. ఇప్పుడు బెల్టు. రేపు ఇంకెవరో, ఇంకెక్కడో. ఎఫీని జీవితాంతం ఎవరో ఒకరు ఎత్తాలి, కడగాలి, బట్టలు మార్చాలి. పదిహేనేళ్లప్పుడు, పాతికేళ్లప్పుడు, తలుపేసిన గదిలో ఏ చెయ్యో తాకకూడని చోట తాకితే నా కూతురు సారీ అంటుంది. ఇంటికొచ్చి బూట్లు సర్దాను. రిమోట్ పెట్టాను. ఎఫీని తెచ్చాను. చేపలు వేయించాను. తాళంచెవి చప్పుడైంది.

భోజనాల దగ్గర డూగల్ హుషారుగానే ఉన్నాడు. రిగ్ వంటవాడు సూప్‌లో ఉప్పు రెండుసార్లు వేసిన కథ చెప్పాడు. నేను నవ్వాల్సిన చోట నవ్వాను. ఎఫీ తండ్రినే చూస్తూ, ఊపిరి బిగబట్టి, వేలు కంతలోకి దించింది.

"నాన్న" అంది పలక. చాలాసేపటికి, "చేప." ఇంకాసేపటికి, "బాగుంది."

"రోబో మేడంగారు మొదలెట్టారు" అన్నాడు డూగల్. "తీసెయ్."

నా చేతులు అప్పటికే పలకని పట్టుకున్నాయి. సారీ నాలుక మీదికి వచ్చేసింది. పలకని ఎత్తాను. ఎత్తి, ఎఫీకీ నాకూ మధ్య మళ్లీ బల్ల మీద పెట్టాను. కంతలోకి వేలు పెట్టాను.

"వద్దు" అంది పలక, చిన్నపిల్ల గొంతుతో.

డూగల్ నవ్వాడు. "ఓహో, వద్దంటోందే. ఎప్పుడు నేర్చిందిది?"

"అది కాదు" అన్నాను. "నేను."

అతని ఫోర్కు ప్లేటు మీద ఆగింది. నవ్వు పోయింది. కుర్చీ కాళ్లు నేలని గీస్తూ వెనక్కి జరిగాయి. అతను నన్ను చూస్తున్నాడు. ఎఫీ మాత్రం వాళ్ల నాన్నని చూడటం లేదు, నా వేలిని చూస్తోంది.

వద్దు ఏ కంతలో ఉందో పిల్లకి బాగా కనిపించేలా చెయ్యి కాస్త పక్కకి తిప్పి, మళ్లీ నొక్కాను. ఈసారి నెమ్మదిగా.