ఎనిమిదింటి గడియ

దేవీప్రసాద్ పదకొండేళ్లుగా టూరు బస్సులో గైడు. గొంతు బావుందని ట్రావెల్స్ ఓనరు అతని చేతికి మైకు ఇచ్చాడు గానీ, ఆ మైకులో చెప్పే మాటలన్నీ రాసిచ్చింది అతని భార్య సత్యశ్రీ. హైస్కూల్లో సోషల్ టీచరు. సింహాచలం శాసనాల నుంచి అరకు ధింసా దాకా ఒక లావుపాటి నోటుపుస్తకంలో వరసగా రాసి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో ఎర్ర ఇంకుతో గుర్తులు కూడా పెట్టింది. నవ్వించే ముక్కలన్నీ తనమీదే వేసుకుంది మహాతల్లి.

వాటిలో బాగా పండేది ఒకటుంది. జనం బస్సెక్కకుండా ఫొటోలు దిగుతూ కూర్చుంటే, "మా ఆవిడ ఎనిమిదింటికి తలుపు గడియ పెట్టేస్తుందండీ. ఆలస్యమైతే నా పడక అరుగు మీదే," అనాలి. పదకొండేళ్లలో ఆ మాటకి నవ్వని బస్సు లేదు.

సత్యశ్రీ పోయి యాభై రెండు రోజులైంది. దేవీప్రసాద్ ఆ ముక్క ఇంకా చెబుతూనే ఉన్నాడు.

కావాలని కాదు. బట్టీపట్టిన పాఠం కదా, ఒక్క వాక్యం దాటేస్తే తర్వాతది నోటికి రాదు. మళ్లీ డ్యూటీకి వచ్చిన మొదటిరోజు మానేసి చూశాడు. బొర్రా గుహల్లో నలభై మంది ముందు దిష్టిబొమ్మలా నిలబడిపోయాడు. మర్నాటి నుంచి యథాప్రకారం చెప్పడం మొదలెట్టాడు. డ్రైవరు కన్నబాబుకి మాత్రం సంగతి తెలుసు. "ఆ మాట మానీ బావా, ఇనలేకపోతన్నాను," అన్నాడోసారి స్టీరింగు వైపే చూస్తూ.

వినలేకపోవడానికి ఏముందో దేవీప్రసాద్‌కి అర్థం కాలేదు. అతనికేమీ అనిపించడం లేదు. శ్మశానంలో ఏడవలేదు, పన్నెండోరోజున ఏడవలేదు. చుట్టాలు చెవులు కొరుక్కుని వెళ్లిపోయారు. పిల్లలు లేని ఇంట్లో ఒక్కడే అన్నం వండుకుంటున్నాడు, తింటున్నాడు, తలుపు ఊరికే దగ్గరకి వేసి పడుకుంటున్నాడు. గడియ పెట్టడం ఆవిడ పని. పెద్దది చేయించడానికిచ్చిన ఆవిడ ఫొటో ద్వారకా నగర్ స్టూడియోలోనే పడి ఉంది. రోజూ బస్సు ఆ వీధిలోంచే వెళుతుంది, అతను దిగడు. పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన మనిషి కోసం ఒక్క చుక్క రాకపోతే, అసలు ఆవిడంటే తనకి ప్రేమే లేదేమో. ఆ అనుమానం ఒక్కటే అతన్ని లోపల తొలుస్తోంది.

ఆ ఆదివారం కూడా బస్సు తెల్లవారకుండానే బయల్దేరింది. ముందు సీట్లో రామలక్ష్మమ్మ అనే ముసలావిడ, పక్కన మనవరాలు నిఖిత. ఆవిడది పలాస దగ్గర జీడితోటల ఊరు. కొడుకు స్టీలుప్లాంటులో పనిచేస్తాడు, కూర్మన్నపాలెంలో కాపురం. చుట్టపుచూపుగా వచ్చిన తల్లికి నాలుగు చోట్లు చూపించమని కూతురికి పురమాయించాడు.

సింహాచలం కొండ దిగువనే దేవీప్రసాద్ తన పాఠం అప్పజెప్పేశాడు. కృష్ణదేవరాయల శాసనాలు, కళింగ శిల్పులు, ఏడాదికి ఒక్కరోజు తప్ప గంధం కిందే ఉండే అప్పన్న నిజరూపం. "మా ఆవిడ కూడా అంతేనండీ, ఏడాదికి ఒక్కరోజే నవ్వుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. బస్సు కొండెక్కుతుంటే తను దిగి టీకొట్టు దగ్గర కూర్చున్నాడు. ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా దేవుడి కొండ ఎక్కకూడదు. అడిగినవాళ్లకి మాత్రం మోకాలి నొప్పి అని చెబుతున్నాడు.

బొర్రాలో, ఒక్కో చుక్కా లక్షల ఏళ్లు కారితే ఇంత రాయి అయిందని చెప్పాడు. అనంతగిరిలో మిరియపు తీగల నీడన కాఫీతోటలు చూపించాడు. అరకులో ఆడవాళ్లు భుజాలు కలిపి ధింసా ఆడుతుంటే జనం కదల్లేదు, గడియ ముక్క వేశాడు. అది రామలక్ష్మమ్మ మనసుకి బాగా పట్టింది. ఎక్కడ ఆగినా ఆవిడే ముందు బస్సెక్కి, మిగతావాళ్లని గదమాయించడం మొదలెట్టింది. నిఖిత చప్పట్లు కొడుతూ అందర్నీ కేకేసింది. బొంగు చికెన్ దగ్గర గంట పట్టేది ఇరవై నిమిషాల్లో అయిపోయింది. ఘాట్ దిగేటప్పటికి ఆంటీ గడియ పెట్టకముందే అంకుల్‌ని ఇల్లు చేర్చడం బస్సంతటికీ పందెమైపోయింది.

పదకొండేళ్లలో మొదటిసారి బస్సు ఏడుంబావుకి, టూరు ముగిసే మద్దిలపాలెం చేరింది. జనం చప్పట్లు కొట్టారు. దేవీప్రసాద్ దణ్ణం పెట్టాడు. ముప్పావుగంట ముందు వచ్చేసి ఇప్పుడు ఎక్కడికి పోవాలో అతనికి తోచలేదు.

అందరూ దిగాక రామలక్ష్మమ్మ ఆగి కొంగుముడి విప్పింది. చిన్న పొట్లం తీసింది. "అప్పన్న గంధం, కుంకం బాబూ. నువ్వు కొండెక్కనేదు కదా. మీ ఆడమనిషికియ్యి. నీ కోసం కాసుకునుంటది పాపం."

ఈ మాటకి జవాబు నోటుపుస్తకంలో లేదు. దేవీప్రసాద్ నోరు తెరిచాడు. తన సొంతమాట వచ్చింది.

"ఆవిడ లేదమ్మా. పోయి యాభై రెండు రోజులైంది."

నిఖిత మొహం పాలిపోయింది. ముసలావిడ మాత్రం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"బొట్టుతోనే ఎల్లిందా?"

"ఆఁ."

"అయితే ఇది ఆవిడిదే. సూతకం నీకు గాని ఆవిడికేటి? పటానికి ఎట్టు." పొట్లం అతని అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. ముసలావిడ నుదురు బోసిగా ఉందన్న సంగతి దేవీప్రసాద్ అప్పుడు చూశాడు.

ద్వారకా నగర్ చేరేసరికి స్టూడియో వాడు షట్టరు దించబోతున్నాడు. ఎన్నిసార్లు ఫోన్ చేశాననుకున్నారు సార్ అని విసుక్కుంటూ కాగితం చుట్టిన ఫ్రేము తెచ్చిచ్చాడు. దేవీప్రసాద్ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో ఇంటికొచ్చాడు. బల్లమీద గోడకి ఆనించి కాగితం చింపాడు. తడి వేలితో కుంకుమ అద్ది బొట్టు పెట్టాడు. కొంచెం పక్కకి పోయింది. బొట్టు సరిగ్గా పెట్టడం తనకెప్పుడూ రాదు, ఆవిడ పెళ్లినాడే అంది.

గడియారం చూశాడు. ఎనిమిదికి రెండు నిమిషాలుంది. లేచి వెళ్లి తలుపు వేసి, గడియ పెట్టాడు. అది జరిగే చప్పుడు పదకొండేళ్లుగా అతను బయట నిలబడి, ఆవిడ తీస్తుంటే విన్నదే. తన చేత్తో వెయ్యడం ఇదే మొదటిసారి. ఇక బయట్నుంచి రావలసినవాళ్లెవరూ లేరు.

గడియ మీద చెయ్యి అలాగే ఉంచి, దేవీప్రసాద్ గుండెలు పగిలేలా ఏడ్చాడు.