ముద్దమందారాల వైపు

నీళ్లు పోస్తున్న పూలక్క చెయ్యి ఆగిపోయింది. గోడ అవతల జుమ్మని చప్పుడు మొదలైంది. ఎండ ఇంకా సరిగ్గా గోడ దిగలేదు, అప్పుడే వచ్చేశాయి తేనెటీగలు. ఎవరో బొట్టుపెట్టి పిలిచినట్టు రోజూ ఇదే వేళకి చిన్నకోడలి పెరట్లోకి బిలబిలమంటూ దిగుతాయి. పూలక్క పెరట్లో మాత్రం ఒక్కటంటే ఒక్కటి వాలదు.

పూలక్క అనేది నర్సరీలో వాళ్లు పెట్టిన పేరు. పద్దెనిమిదేళ్లుగా ఆమె అక్కడ మొక్కలు అమ్ముతోంది. అరచేతి గీతల్లో మట్టి ఎంత రుద్దినా పోదు. కుడి బొటనవేలి గోరు నిలువుగా చీలి అలాగే పెరుగుతోంది. నీళ్ల డబ్బాలు మోసీ మోసీ కుడిభుజం ఒకవైపుకి జారిపోయింది. ఇంటికొస్తే ఆమె పెద్దకోడలు, అంతే.

పెరడు ఒకటే. అన్నదమ్ములిద్దరూ మధ్యలో నడుమెత్తు గోడ కట్టుకుని, మనుషులు తిరగడానికి ఓ సందు వదిలారు. ఇటువైపు నలభై కుండీలు, స్కూలు పిల్లల్లా వరసలో నిలబడి ఉంటాయి. పిడికిలంత ముద్దమందారాలు, ముద్దబంతులు, రేకలు లెక్కపెట్టలేనన్ని ఉన్న గులాబీలు. ఏ ఆకు తిప్పి చూసినా ఒక్క చిల్లు కనిపించదు. సెలవురోజు వచ్చిందంటే పూలక్క మూతికి గుడ్డ కట్టుకుని వాటికి మందు కొడుతుంది. ఆ వాసనకి ఇల్లంతా దగ్గుతుంది.

అటువైపు ఉన్నదాన్ని తోట అనడానికి పూలక్కకి నోరు రాదు. చిన్నకోడలు ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతుంది. మొక్కల గురించి దానికి తెలిసింది సున్నా. కొత్తిమీర చల్లింది, కోయడానికి బద్ధకించింది, అది తెల్లగా పూతకొచ్చింది. పుదీనా ఇష్టమొచ్చినట్టు పాకింది. పిచ్చుకలకి వేసిన గింజల్లోంచి పొద్దుతిరుగుడు మొలిచింది. నిమ్మచెట్టు ఆకుల్ని పురుగులు సగం సగం తినేశాయి. ఆ చెత్తకుప్ప మీదికి ఊళ్లో ఉన్న సీతాకోకచిలుకలన్నీ ఎగబడుతున్నాయి.

తేనెటీగలు, సీతాకోకచిలుకలు ఎటుపోతే ఎవరికి బాధ? బాధంతా అత్తగారితో వచ్చింది.

అత్తగారికి మూడేళ్లుగా చూపు లేదు. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి చిన్నకోడలి పెరట్లో స్టూలు వేయించుకుని, తల కాస్త పక్కకి వంచి కూర్చుంటుంది. ఇది సన్నగొంతుది, ఇది బొంగురుది, ఇదిగో ఆ లావుపాటి నల్లది వచ్చింది అని వచ్చినవాటిని వచ్చినట్టు చెబుతుంది. ఈ నెల ఆవిడ భోజనం పూలక్క వంతు. పూలక్క వండింది తింటుంది, చేయి కడుక్కుంటుంది, గోడ పట్టుకుని సందులోంచి అటు వెళ్లిపోతుంది. అన్నం ఇక్కడ, ఆనందం అక్కడ.

పూలక్కకి కుళ్లు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు గానీ తన దగ్గర తాను దాచుకోలేదు. ఆమె ఈ ఇంటికి కోడలై వచ్చినప్పుడు అత్తగారు రోజూ సాయంత్రం కూర్చోబెట్టి జడ వేసేది. తల్లి లేని పిల్ల కాబట్టి పూలక్కకి ఆ జడ ఎంత గట్టిగా లాగినా నొప్పనిపించేది కాదు. ఆరేళ్లు అలా గడిచాయి. తర్వాత చిన్నకోడలు దిగింది, గలగలా నవ్వుకుంటూ. దాని జుట్టు ఒత్తు. అత్తగారి చేతులు అటు వెళ్లాయి. పూలక్క అప్పుడే నర్సరీలో పనికి చేరింది.

ఇవాళ పొద్దున గోడ అవతలి నుంచి అత్తగారి గొంతు స్పష్టంగా వినిపించింది.

"నీ పెరట్లో కూర్చుంటే కళ్లున్నట్టే ఉంటుందే."

పూలక్క చేతిలో పైపు అలాగే ఉండిపోయింది. కుండీ నిండింది, పొర్లింది, నీళ్లు పాదాల మీదుగా పారాయి. పద్దెనిమిదేళ్లుగా ఊరందరికీ తోటలు పెట్టించిన తనకి, అత్తగారిని ఓ గంటసేపు కూర్చోబెట్టుకునే పెరడు లేదు. ఇవాళే తెస్తాను అనుకుంది. తేనెటీగలు వాలే పూలు తెస్తాను. ఆ స్టూలు ఒక్క సాయంత్రమైనా గోడకి ఇటువైపు పడాలి.

నర్సరీలో పొద్దున్నే బేరాలు మొదలయ్యాయి. కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకావిడ వచ్చి, బాల్కనీలో పెట్టుకుంటాను, తేనెటీగలూ గీనెటీగలూ రావు కదా అని అడిగింది. పూలక్క నోటికి అలవాటైన జవాబు దానంతటదే వచ్చేసింది.

"ఒక్క పురుగు వాలదమ్మా. పూచీ నాది."

ఆవిడ సంతోషంగా రెండు ముద్దబంతులు పట్టుకెళ్లింది. పూలక్క మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఈ మాట ఎన్ని వేలసార్లు అని ఉంటుందో! జనం కోరేది ఇదే. పెద్దపువ్వు, చిల్లులేని ఆకు, చుట్టూ ఏమీ ఎగరకూడదు. అమ్మేది అమ్మీ అమ్మీ, ఇంటికి కూడా అవే ఏరి తెచ్చుకుంది. ఇన్నేళ్లూ తన పెరటికి తనే పూచీ ఇచ్చుకుంది.

నర్సరీలో అంట్లు కట్టే పెద్దాయనని అందరూ కొమ్మల తాత అంటారు. మధ్యాహ్నం ఆయన కొమ్మకి గుడ్డపీలిక చుడుతూ ఉంటే పూలక్క వెళ్లి పక్కన కూర్చుంది. విషయం సూటిగా అడగడానికి ఆమెకి సిగ్గేసింది. తేనెటీగలు ఏ పూలకి వస్తాయని ఎవరో కస్టమరు అడిగారని చెప్పింది. తాత ఆమె ముఖం చూసి ఏ కస్టమరని అడగలేదు. దగ్గర్లో ఉన్న ముద్దమందారం ఒకటి తుంచి, వేళ్లతో విప్పి చూపించాడు.

"ఇందులో తినడానికేముంది చెప్పు? పుప్పొడి ఉండాల్సిన చోట కూడా రేకలే. విందుకని పిలిచి పందిరి చూపించి పంపితే ఎవరొస్తారు? దానికి తోడు నువ్వు మందు కొడతావు."

ఈ సంగతి పూలక్కకి తెలియనిది కాదు. తెలిసీ ఎన్నడూ పనికి పెట్టలేదు. ఒంటిరేక పూలలో ఏవి మంచివని అడిగింది. తాత గుడ్డపీలిక ముడి బిగించి, ఏరే పని నీది కాదన్నాడు. టీ గ్లాసు పట్టుకుని వెనకవైపు మూల నిలబడమన్నాడు. తేనెటీగలు దేని మీద వాలితే అది తీసుకోమన్నాడు.

వెనకవైపు మూలంటే పగిలిన కుండీలు, అమ్ముడుపోక వంకరపోయిన మొక్కలు పారేసే చోటు. అక్కడికి మందు కొట్టడానికి ఎవరూ వెళ్లరు. పూలక్క టీ పట్టుకుని నిలబడింది. ముందు ఏమీ కనిపించలేదు. కాసేపటికి కళ్లు అలవాటుపడ్డాయి. సగం విరిగిన కుండీలో ఉన్న సబ్జా వెన్నుల మీద బుల్లి బుల్లి తేనెటీగలు పాకుతున్నాయి. కలుపనుకుని పారేసిన రేకబంతి నడిబొడ్డున ఒకటి తల దూర్చి, ఒళ్లంతా పసుపు చేసుకుని బయటికొచ్చింది. నూరువరహాల గుత్తి మీద నల్లరెక్కల సీతాకోకచిలుక వాలింది, లేచింది, మళ్లీ అక్కడే వాలింది. పద్దెనిమిదేళ్లలో ఆమె ఒక పువ్వు ముందు ఇంతసేపు ఊరికే నిలబడింది ఇప్పుడే. టీ చల్లారిపోయింది.

అయితే కుళ్లు ఊరుకుంటుందా? సబ్జా ఒకటి చాలు, రెండు తీసింది. ఒంటిరేక మందారం చిన్నకోడలి దగ్గర లేదు కాబట్టి అది తప్పకుండా ఉండాల్సిందే. ఆమె దగ్గరున్న పొద్దుతిరుగుడుకి ఒకటే తల, పూలక్క ఏరినదానికి నాలుగు పిలకలు. ఒకటి వాడేసరికి ఇంకొకటి పూసేలా చూసి చూసి ఏరింది. ఒకసారి ఇటొచ్చిన ఈగ మళ్లీ గోడ దాటకూడదు. మొత్తం ఏడు మొక్కలయ్యాయి. పారేసినవే కదా పట్టుకుపొమ్మని యజమాని నవ్వాడు.

సాయంత్రం పని కాకముందే అడిగి బయల్దేరింది. ఆటోలో కాళ్ల దగ్గర కుండీలు సర్ది, సంచీని వాటి సందున కుక్కింది. సగం దారిలో చూస్తే సబ్జా మీద ఒక తేనెటీగ ఉంది. దిగకుండా వచ్చేసింది. పూలక్క గబుక్కున చున్నీ తీసి మొక్క మీద గుడారంలా పట్టుకుంది. ఆటో కుదిపినప్పుడల్లా, కాస్త ఓర్చుకో, వచ్చేశాం అని దానికి చెప్పింది. స్టూలు ఎక్కడ వేయాలో అనుకుంది. నీళ్ల కుళాయి పక్కనైతే నీడ ఉంటుంది. అత్తగారు తల పక్కకి వంచి, ఇది కొత్తగొంతులా ఉందే అంటుంది. అప్పుడు చిన్నకోడలు గోడ మీంచి తొంగిచూడాలి. అడుగున సంచీలో ఫోను ఎన్నిసార్లు మోగిందో ఆమెకి వినపడలేదు.

గేటు తీసే ఉంది. గుమ్మం ముందు చాలా చెప్పులున్నాయి. మెట్టు మీద కూర్చున్న భర్త ఆమెని చూసి లేచి, పక్కకి జరిగి దారి ఇచ్చాడు. లోపల చాప మీద అత్తగారిని పడుకోబెట్టారు. ముఖం ఎప్పటిలాగే కాస్త పక్కకి ఒరిగి ఉంది.

పూలక్క అక్కడే చతికిలబడింది. ఏడుపు రాలేదు. దానికన్నా ముందు ఇంకొకటి వచ్చి కూర్చుంది గుండెలో, నల్లగా. ఆఖరి ఊపిరి కూడా అక్కడే వదిలిందన్నమాట.

"మీ పెరట్లోనేగా?" అంది, పక్కన కూర్చున్న చిన్నకోడలి వైపు చూడకుండా.

చిన్నకోడలు తలెత్తింది. ఏడ్చి ఏడ్చి ఆమె ముఖం ఉబ్బి ఉంది.

"కాదక్కా. మీ పెరట్లో."

పూలక్క తలతిప్పింది.

"మీరు పనికెళ్లగానే రోజూ అక్కడికే వెళ్లేవారు. మందారాల మధ్య కూర్చుని ఒక్కో పువ్వూ తడుముతూ ఉండేవారు. పెద్దదాని పూలు చేతినిండా ఉంటాయే, చెయ్యి పెడితే చాలు, కనిపిస్తాయి అనేవారు. ముట్టుకుంటే మీరు కోప్పడతారని చెప్పొద్దన్నారు."

"నువ్వైనా చెప్పలేదే."

"నాకు ఒళ్లు మండేది." చిన్నకోడలు ముక్కు తుడుచుకుంది. "పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నా దగ్గర. మధ్యాహ్నమంతా మీ దగ్గరే. మీరు లేకపోయినా మీ దగ్గరే. ఇవాళ కాఫీకి పిలిచాను. పలకలేదు. పూలు వదిలి రాబుద్ధి కావట్లేదేమో అనుకున్నా. పంతానికి నేనూ మళ్లీ పిలవలేదు. మిషను ముందు కూర్చుని ఓ జాకెట్టు కుట్టేశానక్కా, ఆ తర్వాత వెళ్లాను."

పూలక్కకి ఆమెని తిట్టాలనిపించింది. నోరు తెరిచింది కూడా. తిట్టడానికి దొరికిన ప్రతి మాటా తనకే సరిపోతుందని తెలిసి మూసేసింది. చెయ్యి మాత్రం దానంతటదే వెళ్లి చిన్నకోడలి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అప్పుడు ఏడ్చారు.

కొంతసేపటికి లోపల జనం పెరిగారు. పూలక్క లేచి, గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. వెలుతురు ఇంకా ఉంది. ఆటోవాడు దింపిన ఏడు మొక్కలూ గుమ్మం పక్కనే ఉన్నాయి, వాటి వైపు ఆమె చూడలేదు. వరసల మధ్య మెల్లిగా నడిచింది. ముద్దమందారాల దగ్గర ఆగి, వంగి, మొదటిసారి ఒక్కో పువ్వునూ పరీక్షగా చూసింది. అత్తగారి చేతికందే ఎత్తులో ఉన్న పూలకి రేకల అంచులు నలిగి, వేళ్లు తాకినచోటల్లా కమిలి ఉన్నాయి. తెగులనుకుంది ఇన్నాళ్లూ. మందు సరిపోవట్లేదేమోనని ఇంకాస్త కలిపేది.

మూడో కుండీకి, నాలుగో కుండీకి మధ్య రెండు ఇటుకలు ఒకదాని పక్కన ఒకటి చేర్చి ఉన్నాయి. వాటి మీద నాలుగు మడతలు వేసిన పాత తువ్వాలు, మధ్యలో మనిషి కూర్చున్నంత మేర అణిగిపోయి ఉంది.