హొజుమి ఒప్పుకున్న గోల్స్

సోమవారం ఉదయం వీడియో గదిలో కూర్చోవడమంటే ఆ క్లబ్బు ఆటగాళ్ళకు శనివారం ఓడిపోవడంకంటె ఇబ్బందికరమైన పని. మైదానంలో జరిగిన పొరపాటు రెప్పపాటులో దాటిపోతుంది. తెరమీద మాత్రం అది కదలకుండా నిలబడి అందరివంకా చూస్తూ ఉంటుంది. కోచ్ గోవార్ట్స్ బొమ్మను ఆపి, ఏమీ అనకుండా కాఫీ చప్పరిస్తాడు. ఆ నిశ్శబ్దంలో ఎవరి బూట్లు వాళ్ళకు హఠాత్తుగా ఆసక్తికరంగా తోస్తాయి. చెయ్యెత్తేవాడు హొజుమి ఒక్కడే.

"అది నా తప్పు," అంటాడు.

గోవార్ట్స్ తలాడించి రిమోట్ నొక్కుతాడు. బొమ్మ కదులుతుంది. గదిలో మళ్ళీ ఊపిరి ఆడుతుంది.

హొజుమికి ఇరవై రెండేళ్ళు. డిఫెండర్. జపాన్‌లోని అతని క్లబ్బు బెల్జియంలోని ఈ చిన్న ఊరి జట్టుకు అతన్ని ఒక సీజన్‌పాటు అరువిచ్చింది. ఏప్రిల్ ముగిసేలోగా ఈ జట్టు కావాలనుకుంటే అతన్ని ఉంచుకోవచ్చు. అక్కర్లేదనుకుంటే అతను వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళితే అక్కడ అతని స్థానంలో అప్పటికే మరొకడు స్థిరపడి ఉన్నాడు. పైగా ఐరోపాలో నిలదొక్కుకోలేక వచ్చేశాడన్న మాట అతనికంటె ముందే విమానం దిగుతుంది. అతనికి ఉండాలని ఉంది. పేరుకోసం కాదు. తనకంటె బలమైనవాళ్ళ మధ్య తాను ఎంతవరకు పనికివస్తాడో తెలుసుకోవాలన్నది అతని కోరిక. ఆ సంగతి ఇంకా తేలలేదు.

చెయ్యెత్తడం అతను ఇక్కడ నేర్చింది కాదు. జపాన్‌లో, తొత్తొరి అనే ఊళ్ళో హైస్కూలు జట్టుకు ఆడే రోజుల్లో, గెలిచినా ఓడినా, మ్యాచ్ అయ్యాక పిల్లలందరూ వలయంగా నిలబడి ఎవరి లోపం వాళ్ళు చెప్పుకోవాలి. ఒకడు "గోల్ నావల్లే పోయింది" అంటే, రెండోవాడు "లేదు, నేను పక్కకు రావాల్సింది" అనేవాడు. మూడోవాడు "అసలు బంతి పోగొట్టింది నేను" అనేవాడు. అలా తప్పు చేతులు మారి మారి, అందరికీ తలా కాస్త అంటుకుని, చివరికి ఎవరికీ బరువు కాకుండా పోయేది. మొదట నోరు విప్పినవాణ్ణి పెద్దమనిషిగా చూసేవారు. అతను చెప్పింది నిజమా కాదా అని ఎవరూ విచారించేవారు కాదు. అది సాక్ష్యం కాదు, మర్యాద.

ఇక్కడ అతను కింద పెట్టిన తప్పును ఎవరూ ఎత్తుకోలేదు. పెట్టినచోటే, అతని పేరుమీదే ఉండిపోయింది.

మార్చిలో గోవార్ట్స్ అతన్ని తప్పించి బెంచీమీద కూర్చోబెట్టాడు. ఒక్క వారమేమో అనుకున్నాడు హొజుమి. తరవాతి వారమూ బెంచీయే. కారణం అడగడానికి మొహమాటపడ్డాడు. అడిగితే పెద్దాయన నిర్ణయాన్ని శంకించినట్టవుతుందని భయం. చివరికి ఒకరోజు శిక్షణ ముగిశాక, మైదానంలో కోన్‌లు ఏరుతున్న కోచ్ పక్కన చేరి తానూ ఏరడం మొదలుపెట్టాడు.

"నేను ఏం మెరుగుపరుచుకోవాలో చెప్తారా, కోచ్?"

"గోల్స్ ఇవ్వడం మానుకోవాలి," అన్నాడు గోవార్ట్స్, వంగినవాడు వంగినట్టే.

"ఏ గోల్స్?"

గోవార్ట్స్ నడుం నిటారు చేసుకుని అతన్ని చూశాడు. "నన్నడుగుతావేంటి? నువ్వే చెప్పావుగా. వానలో ఆడిన మ్యాచ్‌లో గోల్ నీదన్నావు. క్రిస్మస్ ముందు పోయినదీ నీదే అన్నావు. మొన్నటిదీ అంతే. ప్రతి వారం నావల్లే గోల్ పోతోందని తన నోటితో తానే చెప్పేవాణ్ణి నేనెలా ఆడించను?"

"అది... మర్యాదకి అన్న మాట."

"మర్యాదకా?" గోవార్ట్స్ ఆ మాటను ఏదో కొత్త పండును రుచి చూసినట్టు నోట్లో తిప్పాడు. "గదినిండా మనుషులున్నారు. ఒక్కడైనా కాదన్నాడా? అనలేదు. సరే, నిజమే కాబోలనుకున్నా. వచ్చే నెల క్లబ్బు మేనేజరు నన్ను పిలిచి ఈ కుర్రాణ్ణి ఉంచుదామా పంపుదామా అంటాడు. నేనేం చెప్పను? మంచి మర్యాదస్తుడండీ అని చెప్పనా?"

ఆయన కోన్‌ల దొంతరను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హొజుమి అక్కడే నిలబడి, ఆ వాదనలో లోపం ఎక్కడుందో వెతికాడు. కనబడలేదు. నేరం ఒప్పుకున్నవాడు ఉండి, కాదనేవాడు లేనప్పుడు ఏ న్యాయాధికారి అయినా అదే తీర్పు ఇస్తాడు.

అతను శిక్షణకు వచ్చిపోయేది యెల్లె కారులో. డిఫెన్స్ నడిమధ్య ఎడమవైపు హొజుమి, కుడివైపు యెల్లె ఆడేవారు. ఇళ్ళు కూడా ఒకే వీధిలో. ఆరోజు దారిపొడవునా హొజుమి కిటికీలోంచి పియర్ తోటలవంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఒరేయ్ హోజూ, ఏంట్రా ఆ మొహం? చల్లారిన ఫ్రైస్ తిన్నవాడిలా ఉన్నావు."

"వానలో ఆడిన మ్యాచ్‌లో గోల్ ఎవరిది?"

"నాది," అన్నాడు యెల్లె తేలిగ్గా. "హెడ్ చెయ్యబోయి గాలిని కొట్టాను. బంతి నా నెత్తిమీంచే పోయింది. కళ్ళున్నవాడికెవడికైనా తెలుస్తుంది."

"మరి నేను నాదన్నప్పుడు నువ్వేమీ అనలేదు."

"నువ్వడిగి తీసుకున్నావు, నేనిచ్చాను. దారిలో నిన్నాపి లాక్కోమంటావా?" యెల్లె నవ్వి, అతను నవ్వకపోవడం చూసి గేరు మార్చాడు. "నిజం చెప్పనా? నువ్వేదో ఎత్తు వేస్తున్నావనుకున్నాం. కోచ్ దగ్గర మంచివాడనిపించుకోడానికి. కెప్టెన్ మార్టెన్ నీకు సన్యాసి అని పేరు కూడా పెట్టాడు."

"నాకు తెలీదు."

"నీ వెనకేగా అనేది, నీకెలా తెలుస్తుంది? చూడు హోజూ, జూన్‌తో నా కాంట్రాక్టూ అయిపోతుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఎవడో వచ్చి నీ తప్పు నా నెత్తిన వేసుకుంటానంటే, వద్దు నాయనా అనేంత పుణ్యాత్ముణ్ణి కాను నేను. అడిగితే అబద్ధం చెప్పను. అడక్కుండా నిజం చెప్పను. అంతే."

హొజుమికి కోపం రావలసింది. రాలేదు. యెల్లె తనకు చేసిన అన్యాయం ఏమిటో ఎంత ఆలోచించినా ఒక వాక్యంలోకి రాలేదు.

ఆ వారం మధ్యాహ్నాలన్నీ అతను క్లబ్బులోనే ఉండిపోయి, సీజన్ మొత్తంలో పోయిన గోల్స్‌ను ఒకదాని తరవాత ఒకటి చూశాడు. తన నంబరు వేసుకున్న ఆ డిఫెండర్ ఎవరో పరాయివాడన్నట్టు, వాడికోసం జాలిపడకుండా, వాడిమీద పళ్ళు నూరకుండా చూడాలని నియమం పెట్టుకున్నాడు. వెతకడానికి కూర్చున్నది తన నిర్దోషిత్వాన్ని. మొదట అదే దొరికింది కూడా. తాను ఒప్పుకున్న గోల్స్‌లో చాలావాటితో తనకు దాదాపు సంబంధం లేదు. కొన్నిటిలో అతను బంతికి దరిదాపుల్లో కూడా లేడు.

అక్కడ ఆపి ఉంటే అతనికి కావలసిన సాక్ష్యం చేతికి వచ్చినట్టే. కానీ మిగిలినవి కూడా చూశాడు. ఎవరూ తనను వేలెత్తి చూపనివి, తాను చెయ్యెత్తనివి. వాటిలో మూడింటిలో ఒకే సంగతి కనబడింది. ప్రత్యర్థి బంతిని అతని ఎడమ భుజం మీదుగా వెనక్కి పంపితే, అతను ఎడమకు తిరగడం లేదు. కుడివైపునుంచి పూర్తిగా ఒక చుట్టు తిరిగి పరుగు అందుకుంటున్నాడు. ఆ తిరిగే క్షణంలో బంతి అతని వీపు వెనక ఉంటోంది. ఆ ఖాళీని పూడ్చడానికి ఎడమ అంచున ఆడే సెప్పె తన మనిషిని వదిలి లోపలికి వస్తున్నాడు. వదిలేసిన మనిషి తీరిగ్గా గోల్ కొడుతున్నాడు. సోమవారం తిట్లు సెప్పెకు పడుతున్నాయి.

హొజుమి ఆ మూడింటినీ మళ్ళీ చూశాడు. తనవి కాని తప్పులు ఒప్పుకున్నందుకు అతనికి అంతగా సిగ్గనిపించలేదు. సిగ్గనిపించింది వేరే సంగతికి. తప్పు నాదే అన్న మాట ఇన్నాళ్ళూ అతన్ని తప్పు వెతుక్కునే శ్రమనుంచి కాపాడుతూ వచ్చింది. ఒప్పుకున్నాక ఇక చూడవలసిన పని లేదు కదా.

ఏప్రిల్ మూడో వారంలో యెల్లెకు తొడ కండరం పట్టేసింది. తప్పనిసరై గోవార్ట్స్ హొజుమిని మళ్ళీ అతని పాత ఎడమ స్థానంలో ఆడించాడు. రెండు గోల్స్ కొట్టి, రెండు ఇచ్చుకుని, మ్యాచ్ సమంగా ముగిసింది. సోమవారం అందరూ వీడియో గదిలో కూర్చున్నారు. ఆ గురువారమే మేనేజరుతో కోచ్ మాట్లాడతాడని కుర్చీలకు కూడా తెలుసు.

తెరమీద మొదటి గోల్ ఆగింది. గాలిలో బంతి, గోల్ ముందు ఎవరి అడ్డూ లేకుండా ఎగిరిన ప్రత్యర్థి, అతనికి రెండు గజాల అవతల హొజుమి. గోవార్ట్స్ కాఫీ అందుకున్నాడు. తలలన్నీ హొజుమివైపు తిరిగాయి. అతని చెయ్యి లేవలేదు.

"సన్యాసికి ఇవాళ ఉపవాసం కాబోలు," అని వెనకనుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి.

"ఇది నాది కాదు," అన్నాడు హొజుమి. "కొంచెం వెనక్కి తిప్పుతారా, కోచ్?"

గోవార్ట్స్ తిప్పాడు.

"అక్కడ. కెప్టెన్ ముందుకు వచ్చారు. బంతి ఆయనే పట్టుకుంటారని నేను ఆ మనిషిని వదిలాను. ఆయన మధ్యలో ఆగిపోయారు."

మార్టెన్ ముప్పై ఆరేళ్ళ గోల్‌కీపరు; ఆ ఊళ్ళోనే పుట్టి ఆ జట్టులోనే తల నెరిసినవాడు. కాళ్ళు చాపుకుని కూర్చున్నవాడు నెమ్మదిగా దగ్గరికి లాక్కున్నాడు. "వస్తున్నానని నేను అరిచానా?"

"అరిచారనే నాకు గుర్తు. కానీ వీడియోలో మాట వినబడదు, దాన్ని వదిలేద్దాం. రెండడుగులు ముందుకేసి ఆగడం మాత్రం కనబడుతోంది."

"ఇన్నాళ్ళూ అన్నీ నీవేగా. ఇవాళ నేను గుర్తొచ్చానా బాబూ? గురువారం దగ్గరపడిందనా?"

ఆ మాటకు గదిలో ఎవరూ నవ్వలేదు. గోవార్ట్స్ ఆ రెండడుగులను మరోసారి చూసి, ఏ తీర్పూ చెప్పకుండా రెండో గోల్‌కు వెళ్ళాడు.

అది ఎడమవైపునుంచి వచ్చింది. గోవార్ట్స్ బొమ్మ ఆపకముందే మొదలుపెట్టాడు. "సెప్పె, ఎన్నిసార్లు చెప్పాలి నీకు? నీ మనిషిని వదిలి లోపల ఏం పని? అక్కడేమైనా పెళ్ళి భోజనం పెడుతున్నారా?"

సెప్పె తల దించుకున్నాడు. హొజుమికి ఒక్క సంగతి స్పష్టంగా తెలుసు: ఇప్పుడు మాట్లాడకపోతే ఈ గోల్ సెప్పె ఖాతాలోనే ఉండిపోతుంది. యెల్లె చెప్పిన పద్ధతి ప్రకారం అది అబద్ధం కూడా కాదు. మాట్లాడితే, ఎవరి కంటా పడని తన లోపాన్ని గురువారానికి ముందు తానే కోచ్ చేతికి అందించినట్టవుతుంది.

"సెప్పెది కాదు," అన్నాడు. "ఇది నాది."

"మళ్ళీ మొదలెట్టాడు," అన్నాడు మార్టెన్. ఈసారి అందరూ నవ్వారు.

గోవార్ట్స్ కూడా విసుక్కున్నాడు. "చాలు హొజుమీ. మర్యాదలు క్యాంటీన్‌లో చూసుకుందాం."

తన మాటకు ఆ గదిలో విలువ లేదని అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది. ప్రతిదానికీ అవునన్నవాడు నిజంగా అవునన్నప్పుడు ఎవరు నమ్ముతారు? అతను లేచి తెర దగ్గరికి వెళ్ళాడు.

"మర్యాద కాదు. నా భుజాలు చూడండి. బంతి ఎడమనుంచి పోతోంది. నేను కుడినుంచి చుట్టు తిరుగుతున్నాను. ఈ ఖాళీ నాది. సెప్పె వచ్చింది దీన్ని పూడ్చడానికి. రాకపోతే గోల్ ఇంకా ముందే పోయేది."

గోవార్ట్స్ వెనక్కి తిప్పి, నెమ్మదిగా నడిపించి, మళ్ళీ తిప్పాడు. కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఎప్పట్నుంచి ఇది?"

"మొదట్నుంచీ ఉందనుకుంటా. డిసెంబరులో ఒకటి, జనవరిలో రెండు గోల్స్ ఇలాగే పోయాయి. నేను చూసింది ఈ మధ్యనే. అవి కూడా సెప్పెవి కావు."

గోవార్ట్స్ ఆ గోల్స్ కూడా తెప్పించి వేయించాడు. నవ్వులు లేవు. సెప్పె తల ఎత్తి తెరను చూశాడు, హొజుమిని కాదు. ఆ పక్కన తొడకు పట్టీ వేసుకుని కూర్చున్న యెల్లె గొంతు సవరించుకున్నాడు గానీ ఏమీ అనలేదు.

ఆ తరవాత మార్టెన్ హొజుమితో పలకడం మానేశాడు. మైదానంలో మాత్రం బంతి గాలిలోకి లేచీ లేవకముందే, వస్తున్నాననో రావడం లేదనో ఊరంతా వినబడేలా అరవడం మొదలుపెట్టాడు.

గురువారం మధ్యాహ్నం గోవార్ట్స్ హొజుమిని తన గదికి పిలిచాడు. బల్లమీద సగం తిన్న శాండ్‌విచ్ ఉంది.

"కూర్చో. ఒక్క ఏడాదికి ఉంచమన్నాను. మేనేజరు సరేనన్నాడు. యెల్లె వచ్చాక మీరిద్దరూ వైపులు మార్చుకోండి. కుడివైపు ఆడితే ఆ తిరుగుడుతో నీకు అంత ఇబ్బంది ఉండదు."

మామూలుగా అయితే హొజుమి నడుం వంచి కృతజ్ఞతలు చెప్పి బయటపడేవాడు. "ఒక్క ఏడాదేనా?" అని అడిగాడు. "ఎందుకని?"

"నీకు అది పోతుందో లేదో నాకు తెలీదు గనక. చిన్నప్పట్నుంచీ ఒంటికి పట్టిన అలవాటు. సోమవారం నువ్వది చెప్పి ఉండకపోతే రెండేళ్ళడిగేవాణ్ణేమో. లేకపోతే, చెప్పకముందు నా మనసులో ఉన్నట్టే, అసలు వద్దనేవాణ్ణేమో. ఆ లెక్క నాకూ తేలలేదు. నువ్వు చెప్పు, పోతుందంటావా?"

శాయశక్తులా కృషి చేస్తాను అన్న జవాబు హొజుమి నాలిక చివరిదాకా వచ్చింది. అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.

"తెలీదు, కోచ్. ఈ వారం ఎడమకు తిరగడం సాధన చేశాను. నిదానంగా చేస్తే వస్తోంది. వేగంగా పరిగెత్తేటప్పుడు రావడం లేదు."

గోవార్ట్స్ శాండ్‌విచ్ అందుకున్నాడు. "రేపు గంట ముందు రా," అన్నాడు. "వేగంగా చేయించి చూద్దాం."